మూడు బ్రౌజర్లలోనూ అదే పేరు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా ఇంట్లో ఎవరైనా అలాంటివి చెబితే, కరెంటు పోతే ఫ్యూజు చూడాలిగానీ దండం పెట్టకూడదని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పటికీ నాకు వాటిమీద నమ్మకం లేదు. కానీ నా కళ్లతో చూసినదాన్ని చూడలేదని చెప్పలేను కదా.

రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో పలాస కాశీబుగ్గలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. టెక్కలిలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాను. ఓనరు సాయంత్రం వచ్చేవారు. పగలంతా నేనొక్కదాన్నే. ఐదు కంప్యూటర్లు. ఏది మొరాయించినా నేనే చూసుకోవాలి.

ఆ రోజు మంగళవారం. ఉదయం పదకొండు దాటింది. పూండి నుంచి హైమావతి అనే ఆమె వచ్చింది. టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అదే ఆఖరి రోజు. పాపను అత్తగారి దగ్గర వదిలి రైల్లో వచ్చింది. ఆమెకి నాలుగో నంబరు కంప్యూటరు ఇచ్చాను. కొనుక్కొచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

కాసేపటికి పిలిచింది. "అక్కా, ఇదేటో కుకీలంటాది. ముందుకెల్తనేదు."

అప్పట్లో అది రోజూ వచ్చే గొడవే. మనం ఒక వెబ్‌సైట్ తెరిస్తే, అది మన కంప్యూటర్లో చిన్న చీటీలాంటిది రాసి పెడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ చీటీ చూసి మనల్ని గుర్తుపడుతుంది. దాన్నే కుకీ అంటారు. వాటిని రానివ్వకపోతే కొన్ని సైట్లు పనిచేయవు. ఒక్కో బ్రౌజరు తన చీటీలు తన దగ్గరే దాచుకుంటుంది. ఒకదాని చీటీ ఇంకోదానికి కనపడదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు, తర్వాత చెప్పేది అర్థమవుతుంది.

తేదీ తప్పున్నా కుకీలు నిలవవు కాబట్టి, ముందు కంప్యూటర్లో అది చూశాను. సరిగానే ఉంది. తర్వాత సెట్టింగుల్లో చూస్తే కుకీలు ఆపేసి ఉన్నాయి. ఆ సెట్టింగు మార్చి, పాతవన్నీ తుడిచేసి పేజీ మళ్లీ తెరిచాను. ఈసారి తెరుచుకుంది.

లాగిన్ పేరు రాయాల్సిన గడిలో అప్పటికే ఒక పేరుంది. ఇంగ్లీషు అక్షరాల్లో నీలవేణి, దానికి అతికించి అక్కుపల్లి, చివర రెండు సున్నాలు.

రెండోసారి చదివాను.

నీలవేణి నాకు బాగా తెలుసు. అక్కుపల్లి అమ్మాయి. తండ్రి కూర్మయ్య మాస్టారు రిటైరయ్యాక ఇద్దరూ కాశీబుగ్గలో మా సెంటరుకి రెండు వీధుల అవతల అద్దెకుండేవారు. ఉద్యోగాల దరఖాస్తులకి మా దగ్గరికే వచ్చేది. ఏ సైట్లో చేరినా ఇదే పేరు, ఇవే రెండు సున్నాలు. కిడ్నీలు పాడై ఏడాది కిందట చనిపోయింది. దహనం రోజు నేను కూడా వెళ్లాను.

"నీలవేణంటే ఎవులక్కా?" అంది హైమావతి. "నానేటీ కొట్టనేదు. దానంతటదే వచ్చింది."

హైమావతి కంటే ముందు ఎవరో ఆ పేరు వాడి ఉంటారనుకున్నాను. కుకీలు మళ్లీ తుడిచాను. దాచుకున్న పేర్లు కూడా తుడిచాను. బ్రౌజరు మూసి తెరిచాను. మళ్లీ అదే పేరు.

సరే, ఆ బ్రౌజరుకే ఏదో అయిందనుకుని నక్క బొమ్మ ఉండే రెండో బ్రౌజరు తెరిచాను. మా దగ్గర దాన్ని వాడేవాళ్లే తక్కువ. ఆ కంప్యూటర్లో దాన్ని అసలెవరూ ముట్టుకోలేదు. పేజీ వచ్చింది. పేరూ వచ్చింది.

అప్పుడు నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. సొరుగులోంచి సీడీ తీసి, ఆ కంప్యూటర్లో అంతవరకూ లేని మూడో బ్రౌజరు ఎక్కించాను. అప్పుడే పుట్టిన బ్రౌజరుకి ఏ చీటీ ఉంటుంది? దేన్ని గుర్తుపెట్టుకుంటుంది? హైమావతి నా భుజం మీదుగా చూస్తోంది. పేజీ కొంచెం కొంచెంగా కిందికి దిగింది. గడి వచ్చింది. గడిలో నీలవేణి పేరు.

"ఓలమ్మో!" అని హైమావతి కుర్చీ వెనక్కి లాక్కుంది.

ఒక్కటే తోచింది. చనిపోయిన పిల్ల పేరుతో ఎవరో దరఖాస్తు పెడుతున్నారు. మాస్టారికి చెప్పాలి. ఆలోచన అంతే. ఏదో పిలిచినట్టు అనిపించిందనీ, కీడు శంకించాననీ చెబితే అబద్ధమవుతుంది. హైమావతిని ఇంకో కంప్యూటరు దగ్గర కూర్చోమని చెప్పి బయల్దేరాను.

మాస్టారి ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత కొట్టినా పలకలేదు. పక్కింటి ఎర్రమ్మ పిన్ని బయటికొచ్చింది.

"పొద్దున్నుంచి మాస్టారు అగుపడనేదమ్మా. పడుకున్నారేమో అనుకున్నాను. పాల పేకెట్టు సూడు, గుమ్మంలోనే ఉండిపోనాది."

పెరటి వైపు వెళ్లి వంటగది కిటికీలోంచి చూశాను. మాస్టారు నేలమీద పడి ఉన్నారు. ఒక చెంప నేలకి ఆనుకుని ఉంది. పిన్ని కేకకి వీధిలో వాళ్లొచ్చి తలుపు విరగ్గొట్టారు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆయన ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. షుగరు బాగా పడిపోయిందని, ఇంకో గంట ఆలస్యమైతే తన చేతిలో ఉండేది కాదని డాక్టరు చెప్పాడు.

మూడు గంటలకి సెంటరుకి తిరిగొచ్చాను. హైమావతి దరఖాస్తు కాగితం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. భయపడి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. ఇంకో కంప్యూటర్‌కి కూడా మారలేదట.

"నువ్వలా ఎల్లావు. కాసేపటికి ఆ పేరు పోయి గడి కాలీ అయిపోనాది. దడదడలాడతానే నింపీసినాను. మాస్టారెలాగున్నారక్కా?" అంది. ఆ మాట వినేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు ధైర్యం తెచ్చుకుని అదే సైట్లో పాస్‌వర్డు మర్చిపోయామని చెప్పే చోట నీలవేణి పేరు కొట్టాను. ఆ పేరుతో ఎవరూ నమోదు కాలేదని జవాబొచ్చింది. అక్షరం అక్షరం చూసుకుని మూడుసార్లు కొట్టాను. అదే జవాబు. అప్పుడు తట్టింది. ఆ సైటు మొదలై పదిహేను రోజులే అయింది. నీలవేణి పోయి ఏడాది. ఆమె అందులో పేరు రాసే వీలే లేదు.

తర్వాత చాలామందిని అడిగాను. ఒక ఇంజనీరు సైటు వాళ్ల పొరపాటు వల్ల ఒకరి పేరు ఇంకొకరికి కనిపించవచ్చన్నాడు. ఉన్న పేరయితే కనిపించవచ్చు. వాళ్ల దగ్గరే లేని పేరు ఎలా కనిపిస్తుందని అడిగితే, నేను సరిగ్గా చూసి ఉండనన్నాడు. హైమావతి కూడా చూసింది. ఆమెకి ఉద్యోగం రాలేదు గానీ, టెక్కలిలో కలిసినప్పుడల్లా ముందు ఈ సంగతే ఎత్తుతుంది.

మాస్టారు ఇంకా నాలుగేళ్లు బతికారు. కంప్యూటరు ఆయనెప్పుడూ ముట్టుకోలేదు. ఆస్పత్రిలో కళ్లు తెరిచిన మరుక్షణం నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావమ్మా?" అని అడిగారు. నీలవేణి పుస్తకాలేవైనా ఉంటే అడుగుదామని వచ్చానన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఇంటికెళ్లిన వారానికి ఆమె పుస్తకాలన్నీ గుడ్డసంచిలో పెట్టి, తానే మోసుకుని మా సెంటరుకి తెచ్చారు.

"ఎన్నాళ్లుంచినా ఇంకెవరు చదువుతారమ్మా, నువ్వే చదువుకో" అని బల్లమీద పెట్టారు. నేను నాలుగో నంబరు కంప్యూటరు వైపు చూడకుండా సంచి అందుకున్నాను. ఆయనకి చెప్పి ఉండాల్సిందేమో. ఏమని చెప్పాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.