నేను లోపలికి తోసేసిన కార్డు

ఈ సాయంత్రం సచిన్ అనే ఈ ఊళ్లో మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. విజయవాడ ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకోవాలా వద్దా అని దేవుణ్ణి అడగడానికి. చివర్లో వాగ్దానాల డబ్బా తిప్పారు. అందులో బైబిలు వాక్యాల కార్డులుంటాయి. తలా ఒక కార్డు తీయాలి, ఏ మాట వస్తే అదే జవాబు.

ఉన్నచోటే కనిపెట్టుకుని ఉండమని నాకొచ్చింది. ఎవరూ చూడకుండా దాన్ని లోపలికి తోసి ఇంకోటి తీశాను. ధైర్యంగా బయలుదేరమని ఉంది. అదే గట్టిగా చదివాను. అందరూ హల్లెలూయ అన్నారు.

తర్వాత డబ్బా, ప్రార్థనకు వచ్చిన మల్లమ్మ చేతికి వెళ్లింది. ఆమె పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడి నెల అయింది. ఎల్లుండి సొంతూరికి ప్రయాణం. నేను తోసేసిన కార్డే ఆమె చేతికొచ్చింది.

"టికెట్లు కూడా తీసుకున్నారుగా?" అన్నాను.

"తీస్కుంటే ఏంది అన్నా, వాపస్ చేస్తం. దేవుడే ఆగుమన్నంక, కట్టిన సామాన్ మల్ల ఇప్పుకుంటం, గంతే" అని నవ్వింది.

నేను ఆమెన్ అన్నాను.

అసలు సంగతేమిటంటే, ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకుంటూ నిన్ననే సంతకం పెట్టి వచ్చాను.

ఆమె మూటలు విప్పకముందే నిజం చెప్పాలా? మీరే చెప్పండి. దేవుణ్ణి అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు.