వేణు షీటు, నా స్కాట్లాండు

మొన్న డిసెంబర్‌లో స్కాట్లాండ్ వెళ్ళి, సగం కొండెక్కి, కుక్కని తిప్పడానికి వచ్చిన ఓ పెద్దావిడ వెనకాల బుద్ధిగా దిగొచ్చిన ఘనుడెవరో తెలుసా? నేనే! నవ్వండి, నవ్వండి. మా ఆవిడ ఎలాగూ చెప్పేస్తుంది. ఆవిడ మొదలుపెట్టేలోపు నేనే చెప్పుకుంటే కాస్త పరువు మిగులుతుందని నా ఆశ. టీ తీసుకోండి, చెప్తాను.

దీనికంతటికీ కారణం వేణు. ఇక్కడే, అమెరికాలో మా క్యారీ ఊళ్ళోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. వరంగల్ వాడు. ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందుంటాడు. అదే నా బాధ! చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి కదా.

పోయిన జూన్‌లో వేణు, వాళ్ళావిడ శైలజ స్కాట్లాండ్ వెళ్ళొచ్చారు. జూలైలో వాళ్ళింట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ పెట్టి, టీవీకి ఫోన్ కనెక్ట్ చేసి ఫోటోలు చూపించాడు. కొండలు, కొండలయ్యాక గొర్రెలు, గొర్రెలయ్యాక మళ్ళీ కొండలు. నా ప్లేట్లో బగారా అన్నం చల్లారిపోయింది. అంతటితో వదిలాడా? ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాడు! ట్రిప్ ప్లాన్ అంతా అందులోనే. రోజుకో రంగు, గంటకో వరుస. "వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిన, ఎవరికన్నా పనికొస్తే తీస్కోండ్రి" అన్నాడు.

"ఎంత ప్లానింగండీ వేణు గారిది!" అంది మా ఆవిడ లలిత. అక్కడ అంటే సరే, మర్యాద అనుకోవచ్చు. తిరిగొస్తూ కార్లో అంది. గరాజ్ డోర్ తెరుచుకునేలోపు ఇంకోసారి అంది. పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగ పెట్టుకుని కూడా అదే మాట.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుళ్ళు అంటారా? అవునండీ, కుళ్ళే! పదహారేళ్ళ కాపురంలో నా ప్లానింగ్‌ని ఈవిడ ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆఫీసులో నేను టెస్టింగ్ లీడ్‌ని. పదిమంది తప్పులు పట్టుకుని బతికేవాణ్ణి. అలాంటిది నా పెళ్ళాం నా ఇంట్లో కూర్చుని ఇంకొకడి ఎక్సెల్‌ని పొగుడుతుంటే కడుపు మండదా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి "వేణు గారి కంటే మీరే బాగా ప్లాన్ చేశారండీ" అని ఆవిడ నోట అనిపించుకోవాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

"క్రిస్మస్ సెలవులకి స్కాట్లాండ్ వెళ్దాం" అన్నాను.

"చలికాలంలోనా?"

"ఎండాకాలంలో ఎవడైనా వెళ్తాడు."

"సరే అయితే. వేణు గారి షీట్ ఎలాగూ ఉంది కదా..."

"ఏం అక్కర్లేదు! ప్లాన్ నేను చేస్తాను."

అన్నాను గానీ, చేయడం వస్తే కదా! మూడు శనివారాలు లాప్‌టాప్ ముందు కూర్చుంటే, 'మొదటి రోజు: ఎడిన్‌బరాలో దిగుట' అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు. నాలుగో శనివారం సిగ్గు విడిచి గ్రూప్‌లోంచి వేణు షీట్ దింపుకున్నాను. కాపీ అని కనిపెట్టకుండా రంగులు మార్చాను. ఫాంట్ మార్చాను. తేదీలు, హోటళ్ళు మార్చాను. ఆ తర్వాత శైలజని తీసేశాను. కంగారుపడకండి, షీట్‌లోంచే! ఏ వరుస చూసినా ఆవిడే మరి. 'ఇరవై నిమిషాలు ఖాళీ, శైలు కూర్చుంటది.' 'ఇక్కడ ఫ్లాస్క్‌లో టీ, శైలుకి.' 'టార్చ్‌లు రెండు, శైలుకి చీకటంటే భయం.' ఇదంతా దండగ టైమ్ అనిపించింది నాకు. అవన్నీ పీకేస్తే, వేణు సాయంత్రం అయిదింటికి చేరిన కొండ మీదకి నేను నాలుగింటికే చేరిపోతున్నాను! గంట ముందు! కుర్చీలో కూర్చునే ఎగిరినంత పని చేశాను.

ప్రింట్ తీసి లలిత చేతిలో పెట్టాను. రెండు పేజీలూ నిదానంగా చదివింది. "ఇదంతా మీరే కూర్చుని చేశారా?"

"మరి!"

"చాలా బాగుందండీ" అంది. ఆ వారమంతా నాకు ఆఫీసులో ఎవరి మీదా కోపం రాలేదు.

ఎడిన్‌బరాలో దిగి రెంటల్ కారు తీసుకున్నాం. అక్కడ స్టీరింగ్ కుడివైపు. ఒకప్పుడు గుంటూరులో నేర్చుకున్నదీ అదే, కానీ అమెరికా అలవాటు ఎక్కడికి పోతుంది? దర్జాగా వెళ్ళి ఎడమ డోర్ తీశాను. చూస్తే లోపల స్టీరింగే లేదు! వెనక్కి తిరిగితే లలిత నిలబడి ఉంది. ఏం చేయను? డోర్ అలాగే పట్టుకుని, "ఊఁ, ఎక్కు" అన్నాను. ఆవిడ మొహం చూడాలి! "ఏంటండీ, ఈ మర్యాదలు కొత్తగా!" అని మురిసిపోయింది. మొదటి రెండు రోజుల్లో అదే తప్పు అయిదుసార్లు చేశాను. అయిదుసార్లూ మెచ్చుకుంది. నేను నోరెత్తితే ఒట్టు.

దారంతా ఒక్క కారు పట్టే రోడ్లు. ఎదురుగా ఇంకో కారొస్తే ఎవరో ఒకరు పక్కకి ఆగాలి. మంచు పట్టిన కొండలు, గోధుమరంగు గడ్డి, అసలు కదలని గొర్రెలు. బాగుంది, నిజం చెప్పాలి కదా. కానీ షీట్‌లో ఉన్నవాటిలో ఒక్కటీ తెరిచి లేదు! పదిన్నరకి సరస్సులో బోటు అని రాసుంది. వెళ్తే గేటుకి తాళం, మళ్ళీ ఏప్రిల్‌లో రండని బోర్డు. పన్నెండింటికి స్కోన్లనే అక్కడి బన్నులు తినాల్సిన కెఫేకీ తాళమే.

"వేణు గారు ఇక్కడే కదూ తిన్నారు?" అంది లలిత.

"ఏమో, నాకేం తెలుసు?" అన్నాను, చెవులు వేడెక్కుతుంటే. కార్లోనే జంతికలు తిన్నాం.

మూడో రోజు కొండ. నా ప్లాన్‌కి అదే అసలు పరీక్ష. బ్యాగ్‌లో సన్‌స్క్రీన్, చలవ కళ్ళద్దాలు, ఇంకా 'మొహానికి వల, రెండు' అని వేణు లిస్టులో ఉంటే అవి కూడా కొన్నాను. అవెందుకో నాకు నిజంగా తెలియదు. అడుగుదామంటే వేణునే అడగాలి, చచ్చినా అడగను.

"ఈ వల దేనికండీ?"

"కొండ మీద కావాలి. గాలి ఉంటుంది కదా."

"గాలికి వలా?" అంది. ఇంకేం అడగకుండా మెడలో వేసుకుంది.

ఒంటిగంటన్నరకి మొదలుపెట్టాం. బురద, బురద మీద మంచు, పైనుంచి ఈడ్చికొట్టే గాలి. అరగంటకి లలితకి ఆయాసం వచ్చింది. "అయిదు నిమిషాలు కూర్చుందామండీ."

"షీట్‌లో లేదు లలితా, లేట్ అయిపోతాం!"

రెండున్నరకి వెలుతురు తగ్గినట్టు అనిపించింది. "మబ్బు పట్టింది" అన్నాను. ఇంకాసేపటికి ఎదుటి కొండ నల్లబడింది. "పెద్ద మబ్బు" అన్నాను.

"మబ్బు కాదండీ, సాయంత్రం అవుతోంది."

"మధ్యాహ్నం మూడింటికి సాయంత్రమేంటి? మన క్యారీలో డిసెంబర్‌లో కూడా అయిదింటిదాకా వెలుతురుంటుంది!"

ఇలా వాదులాడుకుంటూ ఉండగా పైనుంచి ఒకావిడ దిగుతూ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. పక్కన గోధుమరంగు కుక్క. మమ్మల్ని చూసి ఆగి, "ఇప్పుడు పైకి వెళ్తున్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నాలుగింటికల్లా టాప్‌లో ఉంటాం" అన్నాను గర్వంగా.

"ఉండి?"

"ఫోటోలు తీసుకుంటాం. వ్యూ బాగుంటుందట కదా."

ఆవిడ కొండల వెనక్కి జారిపోతున్న సూర్యుడి వైపు చెయ్యి చూపించింది. "ఇంకో అరగంటలో అదీ ఉండదు. టార్చ్ ఉందా?"

"ఫోన్‌లో ఉంది."

"ఛార్జింగ్ ఎంతుంది?"

"పద్నాలుగు శాతం."

ఆవిడ జేబులోంచి తన లైటు బయటికి తీసింది. మా మెడల్లో వలలు చూసి, "అవి ఎండాకాలం పురుగులకి కదా! జూన్‌లో మొహం మీద ముసురుతాయి. ఇప్పుడు ఒక్కటి కూడా ఉండదు" అంది.

జూన్ అన్న మాట వినగానే లలిత పక్కకి తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయాను. కాదు, నవ్వుతోంది!

"పదండి" అని ఆ పెద్దావిడ తలకి లైటు కట్టుకుని ముందు నడిచింది. వెనక కుక్క, కుక్క వెనక లలిత, అందరికంటే వెనక నేను. లలితకి కాలు జారినప్పుడల్లా ఆవిడే ఆగి చెయ్యి అందించింది. కిందకి చేరేసరికి చిమ్మచీకటి. టైమ్ చూస్తే నాలుగున్నర!

కార్లో హీటర్ వేసుకుని కాసేపు కూర్చున్నాం. చేతులు రుద్దుకుంటూ లలిత అంది, "వేణు గారి షీట్‌లో టార్చ్‌లు ఉన్నాయండీ."

"నీకెలా తెలుసు?"

"గ్రూప్‌లో పెట్టారుగా, జూలైలోనే చదివాను. మీరు ప్రింట్ ఇచ్చిన రోజే తెలిసింది నాకు."

"మరి బాగుందన్నావు?"

"పాపం, నా కోసం అన్ని రంగులు మార్చారు కదా అని."

ఎక్కడికైనా పారిపోదామంటే బయటంతా చీకటి. "సరే, కాపీ కొట్టాను. నువ్వే కదా వాడి ప్లానింగ్‌ని అంతలా మెచ్చుకున్నావు!" అన్నాను ఉక్రోషంగా.

"నేను మెచ్చుకుంది టైమింగుల్ని కాదండీ. ఆ 'శైలు కూర్చుంటది' అని రాశారు చూడండి, దాన్ని. మీరు సరిగ్గా వాటినే పీకేశారు. కాపీ కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, జవాబు వదిలేసి మిగతాదంతా కాపీ కొట్టినవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నాను!"

షీట్ మడిచి జేబులో కుక్కుకున్నాను. ఆవిడకే జాలేసినట్టుంది. "పోన్లెండి, కారు డోర్ తీయడం మాత్రం మీ సొంతం. అది వేణు గారి షీట్‌లో లేదు" అంది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆ పూట నాకు మిగిలింది అదొక్కటే.

మిగతా మూడు రోజులు షీట్ ముట్టుకోలేదు. పొద్దున తొమ్మిదికి వెలుతురొచ్చాక బయల్దేరి, ఆవిడ ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ ఆగి, మూడింటికల్లా హోటల్లో చలిమంట ముందుకి చేరిపోయాం. చాలా హాయిగా గడిచింది.

తిరిగొచ్చాక మొన్న శనివారం మళ్ళీ వేణు వాళ్ళింట్లో భోజనాలు. అందరి ముందూ నా దగ్గరికొచ్చాడు. "అన్నా, శైలు మంచు చూస్తా అంటుంది, ఫిబ్రవరిల పోదామనుకుంటున్నం. చలికాలం సంగతి నాకసలు తెల్వదు. నీ షీట్ జర పంపవా?"

నా షీట్! వేణు! నన్ను అడిగాడు! ఛాతీ రెండంగుళాలు పొంగింది. లలిత విన్నదా లేదా అని చూశాను. విన్నది. ఇంటికెళ్తూ కార్లో నేను కావాలనే రేడియో ఆపేశాను. మాట్లాడటానికి ఆవిడకి అడ్డం లేకుండా.

సిగ్నల్ దగ్గర ఆగాం. లలిత నా వైపు తిరిగింది. పదహారేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట వచ్చేస్తోందని ఊపిరి బిగబట్టాను.

"వేణు గారిని చూశారా?" అంది. "తెలియదని ఎంత హాయిగా అడిగేశారో! మనిషంటే అలా ఉండాలండీ!"

వెనక కారువాడు రెండుసార్లు హారన్ కొట్టేదాకా గ్రీన్ పడిందని నాకు తెలియలేదు. అడిగింది నా షీట్, మార్కులు మాత్రం వాడికి!