నా స్వెటర్ చేతులు, అతని కాళ్లు

మా ఎదురింటి డాన్స్ మాస్టారు గత సోమవారం తెల్లవారుజామున చనిపోయాడు. పాలావిడ వచ్చి చెప్పింది. సంతాపసభలో అతన్ని ఆకాశానికెత్తారు. నన్నూ మాట్లాడమన్నారు, మాట్లాడలేదు. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అలా అనేవాళ్లెవరూ అతని ఎదురింట్లో పదిహేనేళ్లు కాపురం చెయ్యలేదు.

పొద్దున ఆరింటికే అతని టేప్ రికార్డర్ మొదలయ్యేది. నైలాన్ చొక్కా, నోట్లో కిళ్లీ, చేతిలో బెత్తం. ఎనిమిది దాకా లెక్కపెట్టాల్సిన చోట ఆరు దగ్గర ఉమ్మడానికి ఆగేవాడు. పిల్లలూ ఆగేవాళ్లు. నరసరావుపేటలో ఏ స్టేజీ మీద చూసినా ఆరు తర్వాత అందరూ కొయ్యబొమ్మలయ్యారంటే అతని శిష్యులేనని లెక్క.

అతని సిద్ధాంతం ఒకటే. "తప్పు చీలమండ కాడ పుట్టుద్ది. అది కప్పేస్తే సగం డాన్స్ వచ్చినట్టే." నేను ముప్ఫయ్యేళ్లు తెలుగు పంతులుగా తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు గీసినవాణ్ణి. ఆ మాట వింటే ఒళ్లు మండేది.

ఐదేళ్ల కిందట, డిస్కో వెర్రి పట్టిన రోజుల్లో, సినిమా పత్రికలో అతనికొక బొమ్మ కనిపించింది. డాన్సు చేసే పిల్లకు మోకాలి నుంచి చీలమండ దాకా ఊలు తొడుగులు. లెగ్ వార్మర్లట. చలిదేశాల్లో కాళ్లు బిగుసుకుపోకుండా వేసుకుంటారని నేను చదివిందే చెప్పాను. వినలేదు. బట్టలకొట్టు యజమాని "పాదం లేని సాక్సు ఎవడు కొంటాడు మాస్టారూ" అని నవ్వాడట. దాంతో స్వెటర్లు పోగేసి చేతులు కత్తిరించాడు. ఆ ఏడు మా వీధిలో చేతులున్న స్వెటరు ఒక్కటీ మిగల్లేదు.

దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ వార్షికోత్సవంలో అతని దగ్గరే నేర్చుకునే మా మనవరాలి డాన్సు కూడా ఉందంటే వెళ్లాను. మే నెల. పిల్ల కాళ్లకు బూడిదరంగు ఊలు, అంచున జడ అల్లిక. ఆ అల్లిక నా భార్యది. చనిపోయే ముందు చలికాలం మంచం మీద కూర్చుని నాకోసం అల్లిన స్వెటరు అది. ఆమె చేతిపని ఇంట్లో ఇంకేదీ లేదు.

పాటకూ పాటకూ మధ్య తెర వెనక్కి వెళ్లాను.

"ఏందయ్యా ఇది? ఎవర్నడిగి కోశావు?"

"మీ మనవరాలే తెచ్చిచ్చింది పంతులుగారూ. చేతులే గదా పోయింది, ఒళ్లు అట్నే ఉంది. ఎండాకాలం హాయిగా తొడుక్కోండి."

"నా చేతులు నాకియ్యి."

"ఇస్తాలెండి, ఆట కానీయండి. పిల్ల చానా బాగా చేస్తంది, ముందది చూడండి."

చూశాను. బాగానే చేసింది. ఈ మాట రాస్తున్నది అతని కోసం కాదు.

ఆ తర్వాత ఐదేళ్లు అడిగాను. ఒకసారి ఉతకడానికి వేశానన్నాడు. ఒకసారి బెల్లంకొండలో ఆటకు పిల్లలు పట్టుకెళ్లారన్నాడు. తప్పయిందని మాత్రం ఒక్కసారీ అనలేదు. నిరుడు షుగరు ముదిరి అతని కాళ్లు ఎండలో కూడా చల్లబడేవి. అరుగు మీద కూర్చునేవాడు, రెండు కాళ్లకూ నా స్వెటర్ చేతులు. నేను వాకిట్లోకి రాగానే లుంగీ కిందికి లాక్కునేవాడు. కప్పుకోవడం అతనికి కొత్త కాదు.

నిన్న అతని భార్య కాగితంలో చుట్టి తెచ్చింది.

"బాబాయిగారూ, ఇయ్యి మీయేనంట. ఆయన్ని ఎత్తేముందు నేనే తీసి దాచా. మీకిచ్చెయ్యమన్నాడు."

"ఇంకేమన్నా అన్నాడా?"

"ఏం అన్లా. చిరిగితే మాత్రం తనే కుట్టుకున్నాడు, నన్ను ముట్టనియ్యలా."

పెట్టె తెరిచి, చేతుల్లేని స్వెటరు మంచం మీద పరిచి, రెండు చేతులూ వాటి చోట పెట్టి చూశాను. కాళ్లకు తొడిగి తొడిగి సాగిపోయాయి, ఇక అతకవు. ఒకదానికి చీలమండ దగ్గర, సరిగ్గా జడ అల్లిక మీద చిరుగు. బూడిదరంగు ఊలు ఊళ్లో దొరక్క కాదు, ఎర్ర ఊలుతో కుట్టాడు. మొరటు కుట్టు. బెత్తెడు పొడవున ఎర్రటి గీత, ఇది రాస్తున్న బల్ల దగ్గర్నుంచి కూడా కనిపిస్తోంది.

పెట్టె ఇంకా మూయలేదు.