ఒక ముక్క తక్కువ పేక

కొందరికి కోపం వస్తుంది, పోతుంది. ఆ ఇంటి చిన్నకోడలికి వచ్చిన కోపం మాత్రం మూటాముల్లె దించుకుని కాపురమే పెట్టేసేది. పైకి ఏమీ కనపడేది కాదు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఆమె ఉద్యోగం. తిరిగే చక్రానికి అద్దాన్ని ఆనించి, అంచు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, చీమ తలంత మరలు బిగించాలి. తొందరపడితే అద్దం పగులుతుంది. ఆమె చేతిలో అద్దం పగలడం ఎవరూ చూడలేదు.

ఇల్లు మేడ మీద. రెండు పోర్షన్లు, మధ్యలో పలచటి గోడ. ఒకవైపు బావగారు, తోడికోడలు. ఇంకోవైపు చిన్నకోడలు, భర్త, మంచాన పడ్డ మామగారు. సెలవు రోజు మధ్యాహ్నం ఆ భవనంలోని ఆడవాళ్ళంతా కింద హాల్లో చాప పరుచుకుని రమ్మీ ఆడేవారు. వారమంతా అద్దాల పొడి పీల్చిన చిన్నకోడలికి అదొక్కటే సరదా. బాగా ఆడేది కూడా. చాలాకాలంగా ఓటమెరగని పెద్దకోడలికి ఆ సంగతి మింగుడుపడలేదు.

ఒకరోజు చిన్నకోడలు వరసగా గెలుస్తూ ఇంకో ఆట కూడా ముగించి ముక్కలు పరిచింది. పెద్దకోడలు వంగి, ఆమె మోకాలి పక్కనుంచి జోకరు ముక్క ఒకటి తీసి అందరికీ చూపించింది.

"మా చెల్లికి చూపెక్కువ అనుకున్నాను. చేతివాటం ఇంకా ఎక్కువ" అంది నవ్వుతూ.

ఆ నవ్వే కొంప ముంచింది. అదే కోపంగా అని ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో. చిన్నకోడలు తాను పెట్టలేదని చెప్పింది. కింద మందుల షాపు నడిపే ఆవిడ ముక్కలన్నీ పోగుచేసి, ఈసారి ఆమెను వదిలేసి మిగతావాళ్ళకి పంచింది. తర్వాతి వారం కూడా అంతే. ఆ తర్వాత చిన్నకోడలు మెట్లు దిగడం మానేసింది. చెవిన పడ్డ గుసగుసలు చాలవన్నట్టు, షాపులో యజమాని భార్య ఒకసారి సరదాకన్నట్టు, "మా ఫ్రేములు జాగ్రత్తమ్మోయ్" అంది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

కోడలి ముఖం చూసి మామగారు సంగతి గ్రహించాడు. ఆయన గూడ్సు రైలుకి గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడో పొలాల మధ్య సిగ్నలు పడక బండి గంటలకొద్దీ నిలబడితే, చివరి పెట్టెలో ఒంటరిగా పేక ఆడుకునేవాడు. ఆ పాత పేక తలగడ కిందనుంచి తీశాడు.

"అమ్మాయ్, ఈ ఆటకి ఎవ్వరి దయా అక్కర్లేదు. రా, కూర్చో."

మంచం మీద అట్ట వేసి ఏడు వరసలు పరిచాడు. మొదటి వరసలో ఒక ముక్క, రెండో దాంట్లో రెండు, అలా ఏడో దాంట్లో ఏడు. ప్రతి వరసలో చివరి ముక్క ఒక్కటే ముఖం చూపిస్తుంది, మిగతావి బోర్లా ఉంటాయి. ఎర్ర తొమ్మిది మీద నల్ల ఎనిమిది, నల్ల ఎనిమిది మీద ఎర్ర ఏడు, ఇలా రంగు మారుస్తూ కిందికి దిగాలి. పైముక్క కదిలితే దాని కింద బోర్లా ఉన్నదాన్ని తిప్పుకోవచ్చు. వరస పూర్తిగా ఖాళీ అయితే అక్కడ రాజుకి తప్ప ఎవరికీ చోటు లేదు. చేతిలో మిగిలిన కట్టలోంచి మూడేసి తిప్పుతూ, పైన కనపడేది మాత్రమే వాడుకోవాలి. ఆసు దొరికిన వెంటనే పైన పెట్టి, ఇస్పేటు మీద ఇస్పేటు, ఆటీను మీద ఆటీను, రెండు, మూడు, నాలుగు అంటూ రాజు దాకా ఎక్కించాలి. నాలుగు జాతులూ పైకెక్కితే గెలిచినట్టు.

"అన్నిసార్లూ అవుతుందా మామయ్యా?"

"కాదు. ముక్కలు పడ్డ తీరునిబట్టి ఒక్కోసారి ఏం చేసినా కాదు. అప్పుడు మళ్ళీ కలుపుకోవాలి. బోర్లా ఉన్నదాన్ని మాత్రం ఎత్తి చూడకూడదు. చూశావంటే నిన్ను నువ్వే మోసం చేసుకున్నట్టు."

ఆయన ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ఒకే అట్ట మీద ఆడుకున్నారు. ఒక ముక్క ఎక్కడ ఇరుక్కుంటే ఆట మొత్తం చచ్చిపోతుందో ఆమెకు బాగా తెలిసొచ్చింది. ఆయన పోయాక పేక ఆమెకు మిగిలింది. గోడ అవతలి నవ్వు కూడా.

కొన్నేళ్ళకి పెద్దకోడలు తడిసిన మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేసి ఇంటికి పంపారు. మొదట్లో స్నేహితురాళ్ళు పళ్ళు పట్టుకుని వచ్చారు. తర్వాత వాళ్ళ ఆట వాళ్ళకి మొదలైంది. కింద హాల్లో నవ్వులు వినపడుతుంటే పెద్దకోడలు మంచం మీద పక్షిలా కొట్టుకునేది. చిన్నకోడలు ఈ చప్పుడు ఇటునుంచి వింది. మర్నాడు భోజనానికి షాపునుంచి వచ్చినప్పుడు, పేక పట్టుకుని అటు వెళ్ళింది.

"కాలక్షేపం అవుతుంది అక్కా, మామయ్య ఆట నేర్పుతాను" అంది.

పెద్దకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇన్నాళ్ళూ మాట్లాడని చెల్లెలు తనంతట తానే వచ్చినందుకు. చిన్నకోడలు ఓపిగ్గా అన్నీ చెప్పింది. ఏ నియమమూ దాచలేదు. దాచింది ఒక ముక్కని. కళావరు మూడు ఆమె షాపు ఏప్రాన్ జేబులో ఉంది.

రోజూ వచ్చి, "పడుకునే ఉండు, నేను కలిపిస్తాలే" అని పేక తీసుకునేది. నిన్నటి ముక్క లోపల కలిపేసి ఇంకోటి జేబులో వేసుకునేది. ఎప్పుడూ చిన్నవే, రెళ్ళో, మూళ్ళో, నాలుగులో. పెద్ద ముక్కైతే ఆట చివరిదాకా వచ్చి అనుమానం కలుగుతుంది. చిన్నదైతే సగంలోనే బిగుసుకుపోతుంది, లేని ముక్క ఏదో బోర్లా ఉన్నవాటి కింద ఉందనుకుంటారు. పెద్దకోడలు అలాగే అనుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడేది, ఓడేది, మళ్ళీ పరిచేది. తిండి మీద ధ్యాస పోయింది. తన బుర్ర పాడైపోయిందేమోనని మొగుడి దగ్గర ఏడ్చింది. ఆ ఏడుపు గోడ ఇవతల స్పష్టంగా వినపడింది. చిన్నకోడలు ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తింది.

ఆమె భర్త ఒకసారి ఏప్రాన్ ఉతకడానికి తీస్తూ జేబులో డైమండు రెండు చూశాడు. మనిషి నెమ్మదస్తుడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"కాలు విరిగిన మనిషితో ఏంటే ఇది?"

"కాలు అతుక్కుంటుంది లెండి" అంది ఆమె.

కొన్నాళ్ళకి పెద్దకోడలు బోర్లా ముక్కల అంచు గోరుతో ఎత్తి చూడటం చిన్నకోడలి కంటపడింది. ఆమె ఎదురుచూసింది అందుకే. కిందికెళ్ళి మందుల షాపావిడతో, అక్కకి బెంగగా ఉంది, సెలవు రోజు అందరూ పైకొస్తే సంతోషిస్తుంది, మంచి ఆట నేర్చుకుంది చూద్దురుగాని అని చెప్పింది. అందరూ వచ్చారు. మంచం చుట్టూ కూర్చున్నారు. పెద్దకోడలికి ఎన్నాళ్ళకో మళ్ళీ కళ్ళలో వెలుగొచ్చింది. నియమాలన్నీ గొప్పగా వివరిస్తూ ఆడటం మొదలుపెట్టింది. ఆట బిగుసుకుంది. కట్ట తిరగేసింది, మళ్ళీ తిరగేసింది. ఇంతమంది ముందు ఓడిపోవడం ఆమె వల్ల కాలేదు. దుప్పటి సర్దుకుంటున్నట్టు వంగి, ఏడో వరస అడుగునుంచి ఒక ముక్క లాగి పైన పెట్టింది.

మందుల షాపావిడ చూసింది. అందరూ చూశారు.

"అదేంటి వదినా, అక్కడినుంచి తీయకూడదని నువ్వే కదా చెప్పావు?"

పెద్దకోడలి ముఖం నల్లబడింది. చీరలు సర్దుకుని ఒక్కొక్కరే లేచారు. గుమ్మం దగ్గర మందుల షాపావిడ ఆగి, చిన్నకోడలి వంక ఒక క్షణం చూసి, తల దించుకుని మెట్లు దిగింది.

గదిలో ఇద్దరే మిగిలారు. పెద్దకోడలు ముక్కలు పోగుచేసి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. ఒకటి తక్కువ. చిన్నకోడలు జేబులోంచి ఆటీను నాలుగు తీసి దుప్పటి మీద పెట్టింది.

"ఆ రోజు నేను దాచలేదు అక్కా. ఈ రోజు దాచాను. తేడా చూశావా?"

పెద్దకోడలు ఆ ముక్కని వేలితో దూరంగా జరిపింది. "ఆ జోకరు నా చేతిలోదే. ఓడిపోతున్నానని..." అంది. క్షమించమని అంటుందేమోనని చిన్నకోడలు కాసేపు నిలబడింది. ఆ మాట రాలేదు. మామగారి పేక మొత్తం తీసుకుని ఇవతలికి వచ్చేసింది.

తర్వాతి వారం కిందినుంచి పిలుపొచ్చింది. వెళ్ళింది గానీ చాప మీద కూర్చోలేదు.

"ఆ రోజు తప్పు చేశామని పైకి చెప్పండి. అప్పుడు కూర్చుంటాను" అంది.

మందుల షాపావిడే చెప్పింది, అందరికీ వినపడేలా. చిన్నకోడలు కూర్చుంది. ముక్కలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పేది కాదు. ఆ తృప్తి తరిగిపోతుందని, పశ్చాత్తాపం పట్టుకుంటుందని ఆమె భర్త ఎదురుచూశాడు. అలాంటిదేమీ జరగలేదు.

పెద్దకోడలి కాలు అతుక్కుంది. చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది, కింద హాలుకి మాత్రం వెళ్ళదు. బావగారు ఆమెకు కొత్త పేక కొనిచ్చాడు. ఒక మధ్యాహ్నం చిన్నకోడలు గిన్నెలు కడుగుతుంటే, గోడ మీద కర్రతో కొట్టిన చప్పుడైంది.

"చెల్లీ, అయింది. నాలుగూ పైకెక్కాయి. ఒక్కసారి వచ్చి చూడవే."

ఆ గొంతులో పాత నవ్వు లేదు. చిన్నకోడలు గిన్నె పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నీళ్ళ చప్పుడు పెరిగేలా కుళాయి ఇంకాస్త తిప్పింది.