కాగే నీళ్ళలో ఉప్పు

మా కోడలు గ్యాసు పొయ్యి మీద రొయ్యలు ఉడకేస్తే ఇల్లంతా తియ్యటి నీచు వాసన కమ్ముకుంటుంది. ఆ పిల్ల కిటికీలు తెరుస్తుంది, నేను మాత్రం వంటింటి గడప దగ్గరే కూర్చుంటాను. ఆ వాసనలో నాకు సరుగుడు పుల్లల పొగ, కాలే ఇసుక మీద తాటాకు చాపలు పరిచి ఉడికిన రొయ్యలు పలచగా నెరిపే ఆడవాళ్ళ గాజుల చప్పుడు, ఎండు రొయ్య కోసం కాచుకున్న కాకుల గోల, అన్నీ ఉంటాయి.

కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రానికీ ఉప్పు పండించే కొటార్లకూ మధ్య మా పల్లె. ఐసు లేని రోజులు కనుక, పడిన రొయ్యను ఆ పూటే ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెట్టేవాళ్ళం. ఆ పనికి మా నాయన తల్లి, మా అవ్వ, పెట్టింది పేరు. మనిషి కూర్చునేంత సత్తు అండాను రాళ్ళ పొయ్యి మీదికెక్కించి, చన్నీళ్ళలోనే కల్లుప్పు పోసి, అది పూర్తిగా కరిగాకే నిప్పు ముట్టించేది. "ఉప్పునీళ్ళు మొండియ్యి. మంచినీళ్ళకన్నా ఆలస్యంగా కాగతాయి, కాగినాయంటే ఇంకా ఎక్కువ కాలస్తాయి" అనేది. పైకి తేలే నల్లటి తెట్టును చిల్లుల గరిటెతో తీస్తూనే ఉండేది. తెట్టు మూతలా కమ్మితే నీళ్ళు పొంగి మంటను ఆర్పేస్తాయి. అండా దగ్గర నిలబడటం మా ఇళ్ళలో ఆడవాళ్ళకు గౌరవం. కోడలు వచ్చిన ఏడాదికో రెండేళ్ళకో అత్త ఆమె చేతికి గరిటె ఇచ్చేది.

మా చిన్నాయన పెళ్ళాం రవణమ్మ కోవూరు పక్క పెన్న ఒడ్డు పిల్ల. వాళ్ళవి ఏటి చేపలు, పట్టినవి పట్టినట్టే అమ్ముకుంటారు. అందుకని ఉప్పు పని ఆమెకు కొత్త. నాకు జడలేసి, జడ చివర మొగలి రేకు పెట్టే ఆ చిన్నమ్మంటే నాకు ప్రాణం.

ఆమె కాపురానికొచ్చిన ఏడాదే, ఒక పొద్దు రొయ్య విపరీతంగా పడింది. మొదటి వాయి తీశాక, రెండో వాయికి నీళ్ళు చాలక అవ్వ ఇంకో నాలుగు బిందెలు పోయించి, అవి కాగేలోపే ఉప్పు తెమ్మని నన్ను ఇంటికి పంపింది. దారిలో పిల్లలు గవ్వలాడుతున్నారు. ఒక్క ఆటే కదా అని కూర్చుని, ఎన్ని ఆటలాడానో, ఉప్పు బేసిను ఎత్తుకుని వచ్చేసరికి నీళ్ళు తెర్లుతున్నాయి. అవ్వ వంగి తెట్టు తీస్తోంది. తిడుతుందన్న భయంతో వెనక నుంచి పోయి బేసినంతా ఒక్కసారే గుమ్మరించాను.

అండా బుస్సుమంది. నీళ్ళు నురగ నురగగా లేచి అవ్వ కుడిచేతి మీదుగా పొయ్యిలోకి దూకాయి. నా చేతిలోంచి జారిన బేసినును, పక్కనే పుల్లలు ఎగదోస్తున్న చిన్నమ్మ అందుకుంది. అందరూ పరుగెత్తుకొచ్చేసరికి అది ఆమె చేతిలోనే ఉంది.

"కాగే నీళ్ళలో ఉప్పు పోసినావేంది, ఏమ్మే, మంచినీళ్ళదానా! మీ పెన్నలో ఇట్నే చేస్తారా?" అని పక్కింటామె అరిచింది.

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ కొంగు వెనక్కి పోయాను.

అవ్వ చెయ్యి మానింది గానీ రెండు వేళ్ళు ముడవలేకపోయింది. గరిటె మా అమ్మకు వచ్చింది. "ఆమె నా అండా పక్కకు రాకూడదు" అంది అవ్వ, తను కన్నుమూసేదాకా ఆ మాట మార్చలేదు. చిన్నమ్మ ఏళ్ళ తరబడి పుల్లలు మోసింది, నీళ్ళు మోసింది, పదడుగుల దూరంలో దించి వెనక్కి పోయింది. ఊళ్ళో ఆమె పేరే మంచినీళ్ళ రవణమ్మ అయింది.

ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న దాని సైన్సు పుస్తకంలో, ఉప్పు కలిస్తే నీళ్ళు మరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలన్న వాక్యాన్ని కూడబలుక్కుని చదివాను. అవ్వ మాటే అది. పుస్తకం మూసి, మర్నాడు పొద్దున్నే కోవూరులో కొడుకు దగ్గరుంటున్న చిన్నమ్మ కోసం బస్సెక్కాను.

"ఆ ఉప్పు పోసింది నేను, చిన్నమ్మా" అన్నాను.

"నాకు తెలీకనా? పక్కనే ఉంటిని గదమ్మే."

"మరి చెప్పలేదే?"

"కొత్త కోడలు చిన్నపిల్ల మీదికి తోస్తా ఉందనేవాళ్ళు. నువ్వే చెప్తావని చూసినా. రెండేళ్ళు చూసినా. నువ్వు మీ అవ్వకైనా చెప్పుంటే బాగుండు. ఒక్క వాయి నా చేత్తో తియ్యాలని ఉండింది."

ఇప్పుడు మా ఒడ్డున రొయ్య పడవ దిగీదిగకముందే ఐసు పెట్టెల్లోకెక్కి కంపెనీ బండ్లలో పోతుంది. ఆమెను తీసుకుపోయి నిలబెడదామన్నా అక్కడ పొయ్యి లేదు, అండా లేదు, గరిటె ఇచ్చే అవ్వా లేదు.