మేకు కొట్టని జంక్షన్ బాక్సు

అహోబిలంలో రామానుజం గారి వంశం తరతరాలుగా స్వామి ఊరేగింపులో దివిటీ పడుతోంది. ఆయన కుమారుడు రంగనాథం కూడా వెలుగు వృత్తినే చేపట్టాడు. కాకపోతే నూనెను వదిలి కరెంటు పట్టాడు. తండ్రికి ఇది నచ్చలేదు. కొడుకు లైసెన్సు తెచ్చుకుని, 1978 వేసవిలో ఆళ్లగడ్డలో సొంతంగా తొలి పని ఒప్పుకున్నప్పుడు ఆయన ఒక్కటే షరతు పెట్టారు: "మొదటి ఇంటికే కరెంటు తెప్పించలేకపోతే, మారుమాట లేకుండా వచ్చి దివిటీ పట్టు."

ఆ మొదటి ఇల్లు ధాన్యం వర్తకుడు మాధవయ్య శెట్టిది. మట్టి మిద్దె, లావుపాటి గోడలు. పని చకచకా సాగింది. నడిమింట్లో జంక్షన్ బాక్సు ఒక్కటే మిగిలింది. అన్ని గదుల వైర్లూ వచ్చి కలిసే ఆ ఇనుప పెట్టెను మరునాడు గోడకు బిగించాలి. ఆ సాయంత్రమే శెట్టి కూతురు సరస్వతి, అనుకున్నదానికన్నా ముందుగా, ప్యాపిలి నుంచి పురిటికి దిగింది.

మరునాడు రంగనాథం సుత్తి ఎత్తగానే శెట్టి భార్య మహానందమ్మ గోడకు అడ్డంగా నిలబడింది.

"ఏందీ సామీ, ఏం చేస్తాండారు? కడుపుతో ఉండే బిడ్డ ఇంట్లో ఉంటే గోడకు మేకు కొడతారా ఎవురైనా?"

"ఒక్క రంధ్రం తల్లీ. మేకు పట్టేందుకు చెక్క గుట్టీ దిగ్గొట్టి..."

"అహోబిలం సాములు, మీకే తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది?"

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "కాన్పయినాక కొట్టుకుందాంలే సామీ."

"అందాకా ఈ ఎండల్లో ఫ్యాను లేకుండా పండుకుంటాదా నా బిడ్డ?" అన్నదీ మహానందమ్మే.

అంటే మేకు పనికిరాదు, ఫ్యాను తప్పదు. రంగనాథం బాగా ఆలోచించి బాక్సును పురికొసతో దూలానికి వేలాడగట్టాడు.

తనిఖీకి నంద్యాల కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన బాలసుబ్రహ్మణ్యం మర్యాదస్థుడు. స్విచ్చిలు చూశాడు, మెచ్చుకున్నాడు. తర్వాత తల ఎత్తి, గొడుగు పిడితో బాక్సును తాకాడు. అది దూలం కింద నెమ్మదిగా గుండ్రంగా తిరిగింది. ఇంటిల్లిపాదీ దాన్ని భక్తితో చూశారు.

"ఏంది రంగనాథం, బాక్సుకు ఉయ్యాల సేవ చేస్తాండావా?"

"గట్టిగానే కట్టినా సార్."

"తాడు తెగితే బరువంతా వైర్ల మీద పడతాది. జాయింట్లు వదులై వేడెక్కుతాయి. పైనంతా ఎండు కట్టె. నిప్పంటుకుంటే పురిటి మంచం ఎత్తుకుని నువ్వు పరిగెత్తుతావా? బాక్సు దేనికైనా బిగించి ఉండాల. రేపొస్తా. రేపూ ఇట్లే ఉంటే సంతకం లేదు, కరెంటూ లేదు."

రంగనాథం ఆ పూట అన్నం తినలేదు. దివిటీ నూనె వాసన ముక్కుకు తగులుతున్నట్టే ఉంది. నిచ్చెనెక్కి దూలాన్ని తడిమాడు. దూలం మీద అడ్డంగా పరిచిన దంతెల మధ్య, చెయ్యి దూరేంత సందు తగిలింది. వెంటనే బాక్సును విప్పుకుని దిగి, ఇనుప కిటికీలు చేసే యోబు దగ్గరికి పరుగుతీశాడు.

"దూలాన్ని చుట్టుకుని బోల్టులతో బిగిసే ఇనుప పట్టీ కావాలప్పా. బాక్సును నీ దగ్గరే దానికి బిగించేయ్."

"దూలానికి ఒడ్డాణమా సామీ?"

"ఏదో ఒకటి. బేగా చెయ్."

పొద్దున యోబు చేసిన పట్టీ తెచ్చి అతను నిచ్చెనెక్కబోతే మహానందమ్మ ఆపింది.

"చేతిలో అదేందీ?"

"పానా తల్లీ. దీంతో కొట్టేదేమీ లేదు, బోల్టు తిప్పడమే. గోడను తాకను, దూలానికి చిల్లూ పెట్టను."

ఆమె కూతురి వైపు చూసింది, దూలం వైపు చూసింది. "కొట్టొద్దన్యారు పెద్దోళ్లు. తిప్పొద్దని ఎవురూ చెప్పలా. కానీండి."

ధర్మశాస్త్రానికి ఆ విధంగా ఒక కొత్త వ్యాఖ్యానం చేరింది.

బాలసుబ్రహ్మణ్యం వచ్చి ఈసారి గొడుగు పక్కన పెట్టాడు. నిచ్చెనెక్కి బాక్సును రెండు చేతులా పట్టి గుంజాడు. దూలం మీది దుమ్మంతా ఆయన కళ్లజోడు మీద రాలింది. బాక్సు కదల్లేదు. ఆయన దిగి, అద్దాలు తుడుచుకుని సంతకం చేశాడు.

రంగనాథం నిచ్చెన పక్కనే కూర్చున్నాడు. ఆచారం అడ్డొచ్చి ఆ ఇంట్లో అన్నం అడగలేకపోయాడు గానీ, మహానందమ్మ తెచ్చిన అరటిపండ్లు ఒకదాని తర్వాత ఒకటి తింటూ పోయాడు. తొక్కల కుప్ప చూసి సరస్వతి నవ్వింది.

ఆమె కాన్పుకు ముందే ఫ్యాను తిరిగింది. రామానుజం గారు ఆ కబురు విని, దివిటీకి తమ్ముడి కొడుకును కుదుర్చుకున్నారు.

కొన్నాళ్లకు గడివేముల నుంచి కూడా రంగనాథానికి పిలుపులు రాసాగాయి. కొత్త ఇంటి పని ఒప్పుకునేముందు గదులెన్నో అడగడం అతను మానేశాడు. ఇంట్లో ఎవరికైనా ఎన్నో నెల అని మాత్రం అడిగేవాడు.