ఎడమచేతి మీద కూర్చుని తిన్న టాకో

ఆ రోజుల్లో నాకు మొండితనాన్ని మా పుట్టింటివాళ్లు సారెతో పాటు సర్ది పంపించారని మా అత్తగారు అనేవారు. (ఆవిడ మెచ్చుకోలుగా అనలేదు. నేనే అలా పుచ్చుకున్నాను.) ఇప్పుడు మోకాళ్ల నొప్పులొచ్చి మెట్ల దగ్గరే రాజీపడిపోతున్నాను గానీ, అప్పట్లో నేను ఒకటి అనుకున్నానంటే ఆ పని అయి తీరాల్సిందే. లేకపోతే మస్కట్‌లో ఓ గురువారం సాయంత్రం, మోచేతి దాకా పులుసు కారుతున్నా లేవకుండా కూర్చునేదాన్ని కాదు.

తొంభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, తణుకు నుంచి విజిట్ వీసా మీద అక్కడికి వెళ్లాను. మావారు ఓ కంపెనీలో సైట్ ఇంజనీరు. అల్ హైల్‌లో వర్క్‌షాపుల వెనక చిన్న ఫ్లాటు. పొద్దున్నే ఆయన డ్యూటీకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఏసీ హోరు తప్ప నన్ను పలకరించే దిక్కు లేదు. అలాంటి ఓ మధ్యాహ్నం కాసేపు ఏడ్చాను. నా ఏడుపు తుమ్ములాంటిది, వచ్చి పోతుంది, దానికో పెద్ద కారణం ఉండాలని లేదు. సరిగ్గా ఆ రోజే ఆయన పెందలాడే ఇంటికొచ్చి చూశారు. ఇంకేముంది! అసలే వెన్నలాంటి మనసు. "నీకు బెంగ పట్టుకుంది" అని తీర్పు చెప్పేశారు. విజిట్ వీసా గడువు అయిపోవస్తోంది, శనివారం ఆఫీసు తెరవగానే నాకు ఫ్యామిలీ వీసా అడగాలి, లేదా తిరుగు టికెట్ ఖాయం చెయ్యాలి. "బలవంతమేమీ లేదు, నువ్వు ఇక్కడ ఇమడలేకపోతే పంపించేస్తాను" అన్నారు. ఆయన్ని వదిలి వెళ్లడం నాకు చచ్చినా ఇష్టం లేదు. ఉంటాను మొర్రో అంటే, "నా కోసం అలా అంటున్నావులే" అని జాలిగా చూసేవారు. ఆ చూపుకి నాకు ఒళ్లు మండిపోయేది.

గురువారం మధ్యాహ్నం బౌషర్ వదిన మావారికి ఫోన్ చేశారు. (మావారి సీనియర్ భార్య. ఉండేది బౌషర్‌లో కాబట్టి ఆ పేరు.) "మెక్సికో వాళ్ల తిండట తమ్ముడూ, మా ఇంటి దగ్గర కొత్తగా తెరిచారు. మరదల్ని తీసుకురా" అన్నారు. మర్నాడు శుక్రవారం సెలవు, ఆ మర్నాడే శనివారం. ఇదే ఆఖరి అవకాశం అనుకున్నాను. అక్కడ ఏం పెట్టినా వంక పెట్టకుండా, నవ్వుతూ, కడుపునిండా తినేస్తే నేను ఇమిడిపోయానని ఆయనే ఒప్పుకుంటారు. అంతే, కొంగు దోపుకుని బయల్దేరాను.

పెట్రోలు బంకు పక్కన చిన్న కొట్టది. అద్దం వెనక పెద్ద పెద్ద గిన్నెల్లో కోడి పులుసు, చిక్కుడు గింజల కూర, బంగాళాదుంపలు కుతకుతా ఉడుకుతున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఈమాత్రం దానికా ఇంత భయపడ్డాను! ఇంతలో ఆ పులుసుకూరల్ని అరచేతంత మొక్కజొన్న రొట్టెల్లో పోసి, సగానికి మడిచి, ప్లేటుకి మూడేసి తెచ్చి పెట్టారు. వాటినే టాకోలంటారట. "చూడమ్మాయ్, దీన్ని రెండు చేతులా పట్టుకుని, తల పక్కకి వంచి కొరకాలి" అని వదిన చేసి చూపించారు.

రెండు చేతులా! అన్నం దగ్గర ఎడమ చెయ్యి కదిలితే మా నాయనమ్మ గరిటె కాడతో ఒక్కటిచ్చేది. మంచినీళ్ల గ్లాసుకి తప్ప ఆ చేతికి విస్తరి ముందు పనే లేదు. ఎంత మెక్సికో అయితే మాత్రం ఎంగిలి ఎంగిలే కదా? ఎక్కడ పొరపాటున పైకొస్తుందోనని ఆ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీదే కూర్చున్నాను.

"అలా ఒరిగిపోయావేంటి?" అన్నారు మావారు.

"ఇలాగే బావుందండీ" అని నవ్వాను.

కుడిచేత్తో ఎత్తి ముందువైపు కొరికితే వెనకవైపు నుంచి ముక్కలు జారిపడ్డాయి. వెనకవైపు కాచుకుంటే పులుసు గాజుల్లోకి కారింది. గాజులు పైకి తోస్తే మోచేతికి చేరింది. వదిన పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ, నేను వదల్లేదు. పచ్చడి చవి చూద్దామని పక్కనున్న పచ్చిమిరపకాయల నూరుడు కాస్త దండిగా వేసుకున్నాను. అంతే, కళ్లవెంట ధారలు!

మావారి మొహం పాలిపోయింది. "వద్దులే, కష్టపడకు. శనివారం టికెట్ ఖాయం చేసేస్తాను" అన్నారు.

కారం గొంతుకడ్డం పడి నాకు మాట పెగల్లేదు. ఉక్రోషంతో అటు తిరిగాను. పక్క బల్ల దగ్గర ఒమానీ కుటుంబం ఉంది. బురఖా లాంటి నల్లటి అబాయాలో ఓ పెద్దావిడ. ఆవిడ ఎడమ చెయ్యి బుద్ధిగా ఒళ్లో ఉంది! వాళ్లూ కుడిచేత్తోనే తింటారు. ఆవిడ ఆ మడత విప్పేసి, రొట్టెని ప్లేటులో పరిచి, కుడిచేతి వేళ్లతోనే తుంచి, కూరలో అద్దుకుని హాయిగా తింటోంది. ఓసి నా తెలివి తెల్లారా! ఒంటిచేత్తో దోసె తుంచడం ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పనే కదా. మడిచి ఇచ్చారని మడతతోనే కుస్తీ పట్టాను. వెంటనే నేనూ విప్పి, తుంచి, అద్ది, నోట్లో పెట్టుకున్నాను. పెద్దావిడ చూసి, "ఐసా బేటీ, ఐసా!" అంది. (ఇలాగే తల్లీ, ఇలాగే అని. అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి హిందీ వచ్చు.) మూడూ అయిపోయాయి. కౌంటర్ దగ్గరికెళ్లి, చేత్తో సైగచేసి ఉత్త పులుసు మారు వడ్డించుకుని మరీ వచ్చాను.

అప్పుడు చెప్పాను, అందరి ముందూ. "నేను ఏడవలేదండీ, అది మిరపకాయ. మొన్న ఏడ్చానంటారా, మీరు ఇంట్లో లేరని ఏడ్చాను. తణుకు వెళితే అసలే ఉండరు కదా? నేను వెళ్లను."

ఆయన తలొంచుకుని ప్లేటు దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు చూశాను, ఆయన టాకోలు మూడూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన ఎడమ చెయ్యి బల్ల కిందే ఉంది. "స్నేహితులతో ఇలాంటిచోటికి వచ్చినప్పుడల్లా ఆకలి లేదని చెప్పి, ఇంటికెళ్లి పెరుగన్నం తినేవాణ్ణి" అని గొణిగి, మెల్లగా మడత విప్పారు. శనివారం ఫ్యామిలీ వీసాయే అడిగారు.

ఇప్పుడు కాకినాడలో మా మనవరాలు టాకోని రెండు చేతులా పట్టుకుని చుక్క కారకుండా తినేస్తూ, "అమ్మమ్మా, నీకు తినడం రాదు" అంటుంది. చేతి మీద కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఎంత పిచ్చిదో, ఎంత గట్టిదో! పచ్చిమిరపకాయ కొరికి నాకు కళ్లనీళ్లు తిరిగితే చాలు, మావారు ఇప్పటికీ వంగి చెవిలో అడుగుతారు, "టికెట్ చూడమంటావా?" అని.

"మీది కూడా చూసుకోండి" అంటాను.